టర్బో పోయిందనగానే మార్చేయకండి: పాత డీజిల్ కారు కొని నేను తిన్న దెబ్బ

సెకండ్ హ్యాండ్‌లో టర్బో డీజిల్ కారు చూస్తున్నవాళ్లు, ఉన్న పాత బండికి పికప్ తగ్గిందని షెడ్డుకి బయల్దేరుతున్నవాళ్లు ముందు ఇది చదవండి. నా కారుకి 3 నెలల్లో రెండుసార్లు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పార్టు) మార్చారు. రెండుసార్లూ డబ్బు నేనే కట్టాను. జబ్బు మాత్రం ఇంజిన్‌లో ఉంది. అది కనిపెట్టడానికి తెలిసిన మెకానిక్‌కి ఒక్క పూట పట్టింది.

నేను కొన్నప్పుడు బండి వయసు 11 ఏళ్లు, మీటర్ మీద 1,40,000 కి.మీ. చూడ్డానికి వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది. "మీరొస్తున్నారని ఇప్పుడే ఒక రౌండ్ తిప్పి పెట్టానండీ" అన్నాడు అమ్మినాయన. మంచివాడే అనుకున్నాను. బోనెట్ లేపితే లోపల అంతా కడిగి తుడిచి తళతళలాడుతోంది. బాగా చూసుకున్నాడని సంబరపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండూ చూసి నేను వెనక్కి తగ్గాల్సింది. రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజిన్ స్టార్ట్ చేస్తేనే పొగ, చప్పుడు, మిస్సింగ్ అన్నీ బయటపడతాయి. కడిగేసిన ఇంజిన్ మీద ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టడం ఎవరివల్లా కాదు.

రెండో వారంలో మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం మానేసింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ తీసి చూస్తే 1,000 కి.మీ.కే దాదాపు లీటర్ ఆయిల్ తగ్గింది. కింద నేల మీద ఒక్క చుక్క లేదు. అంటే ఇంజిన్ తాగేస్తోందన్నమాట.

దగ్గర్లోని షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (టర్బో పంపే వేడి గాలిని చల్లబరిచే పార్టు) వెళ్లే పైపు ఊడదీసి, లోపల వేలు పెట్టి తిప్పి నా ముందు పెట్టాడు. మొదటి కణుపు దాకా నల్లటి ఆయిల్. "చూశారా సార్, టర్బో సీల్ పోయింది" అన్నాడు. 10 నిమిషాల్లో తేల్చేశాడు. కళ్లతో చూశాక ఇంకేం అడుగుతాం? రీకండిషన్డ్ టర్బో వేయించాను.

3 వారాలు గడిచాయో లేదో అదే పైపులో మళ్లీ ఆయిల్. "ఆ పీస్ బాలేదు సార్, ఇంకోటి వేస్తాం" అన్నారు. కూలి మళ్లీ నాదే, పార్టు ధరలో కొంత కూడా నాదే. ఆ రెండోది 600 కి.మీ. కూడా రాలేదు. ముందు సన్నగా ఈల, తర్వాత సైరన్ లాంటి కూత, ఒకరోజు సాయంత్రం ఫట్‌మని చప్పుడు. వెనక అద్దంలో పొగ తప్ప ఏమీ కనపడలేదు. పక్కన ఆపి చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి, ఇంట్లోవాళ్లు కూడా బండిలోనే ఉన్నారు.

ఆ తర్వాత ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పాత డీజిల్ ఇంజిన్లతోనే ఆయన జీవితం గడిచింది. జరిగిందంతా చెబితే, టర్బో వైపు చూడనే లేదు. టర్బో లోపలి ముక్కలు ఇంజిన్‌లోకి వెళ్లకుండా ముందు గాలి పైపు విడదీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో పెట్టాడు. ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని అదే రంధ్రం మీద బోర్లా పెట్టాడు. మూత గిన్నె మీది మూతలా ఎగిరెగిరి పడి పక్కకి జారిపోయింది. రంధ్రంలోంచి రైలింజన్‌లా గుప్పు గుప్పుమని పొగ. "బ్యాక్ కంప్రెషన్ ఇంతుంటే నువ్వు ఎన్ని టర్బోలు వేసినా ఇంతే తమ్ముడూ" అన్నాడు.

అదేంటో అప్పుడు తెలిసింది. పిస్టన్ రింగులు అరిగితే, మండిన గ్యాస్ కొంత రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి దూరుతుంది. దీన్నే మనవాళ్లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, బ్లో బై అని కూడా అంటారు. ఆ గ్యాస్ బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. నా బండిలో ఆ బ్రీదర్ కూడా జిడ్డు పట్టి సగం పూడుకుపోయింది. దాంతో లోపల ఒత్తిడి పెరిగిపోయింది.

దీనికీ టర్బోకీ ఏం సంబంధం అంటారా? టర్బోలో ఇరుసు నిమిషానికి లక్ష నుంచి 2 లక్షల చుట్లు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే తిరుగుతుంది. అంత వేగంలో అది బేరింగ్‌ని తాకకుండా, వెంట్రుకకంటే పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ ఆయిల్ పైనుంచి ఒత్తిడితో వస్తుంది, కింది పైపులోంచి తన బరువుతోనే జారి ఇంజిన్‌లోకి దిగిపోవాలి. తోసేది ఏదీ ఉండదు. కింద గదిలో ఒత్తిడి ఎక్కువుంటే, లేదా ఆ రిటర్న్ పైపు మూసుకుపోతే, ఆయిల్ దిగదు. దిగకపోతే రెండు చివర్ల నుంచీ బయటికి తన్నుతుంది. సీల్ అంటే మనం రబ్బరు వాషర్ లాంటిది అనుకుంటాం. చాలా టర్బోల్లో అక్కడ ఉండేది సన్నటి ఇనుప రింగు. రెండు వైపులా ఒత్తిళ్లు సరిగ్గా ఉన్నంతకాలమే అది ఆయిల్‌ని ఆపగలదు. కాబట్టి కొత్త టర్బో కూడా ఇలాంటి ఇంజిన్ మీద ఆయిల్ కక్కుతుంది. ఎయిర్ ఫిల్టర్ బాగా మూసుకుపోయినా అంతే, ముందువైపు పీల్పు పెరిగి ఆయిల్‌ని లాగేస్తుంది. ఇంకో సంగతి, బ్రీదర్ పైపు వచ్చి కలిసేది కూడా టర్బోకి ముందున్న గాలి పైపులోనే, అందులోని ఆయిల్ ఆవిరి టర్బోలోంచి ఇంటర్‌కూలర్ పైపులోకి వెళ్తుంది. అక్కడ కొద్దిగా ఆయిల్ తడి ఉండటం పాత బండికి మామూలే. కాబట్టి ఆ కుర్రాడు వేలు పెట్టి చూపించిన ఆయిల్‌తో ఏదీ రుజువు కాలేదు.

మరి రెండో టర్బో ఎందుకు పగిలింది? పెద్దాయన టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు ఊడదీసి, దాని బోల్టుని నా అరచేతిలో పెట్టాడు. ఆ బోల్టు మధ్యలో రంధ్రం ఉంటుంది, ఆయిల్ అందులోంచే వెళ్లాలి. వెలుతురుకేసి పట్టుకుని చూశాను. గట్టిపడ్డ మసి పేరుకుని గుండుసూది మొనంత వెలుగు మాత్రమే వస్తోంది. రెండుసార్లూ టర్బో మార్చారు గానీ ఆ పైపు, ఆ బోల్టు పాతవే బిగించారు. టర్బో ఆయిల్ అందక చచ్చిపోయింది. టర్బో మార్చేటప్పుడు ఆయిల్ పైపు కొత్తది వేయాలి, ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, స్టార్ట్ చేసే ముందు టర్బోలో ఆయిల్ పోయాలి, ఇంటర్‌కూలర్ విప్పి కడగాలి. ఆయిల్ పైపుల దగ్గర సిలికాన్ పేస్టు పూయకూడదు, అది ఊడి రంధ్రంలో అడ్డుపడుతుంది. ఇవన్నీ చేసే పద్ధతులే. నాకు వేసిన ఆయనకి తెలియదని నేను నమ్మను.

తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో గాలి ఒత్తిడి ఎంత పెరుగుతోందో కొలిచారు (దాన్ని బార్‌లలో చెబుతారు). మూడు సిలిండర్లు 26, 27 బార్ దగ్గర ఉంటే ఒకటి 18 మాత్రమే చూపించింది. డీజిల్ ఇంజిన్లలో సాధారణంగా 20 నుంచి 30 బార్ మధ్య ఉంటుంది, కచ్చితమైన లెక్క బండిని బట్టి మారుతుంది. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువుంటే చాలు, అందులో తేడా ఉన్నట్టే. ఆ సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి విన్నారు. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్ దగ్గరైతే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపైతే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. నాది మూత దగ్గర బుస్సుమంది. ఇంజిన్ దించాల్సి వచ్చింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మూత బోర్లా పెట్టే పరీక్ష ఒక్కటే చూసి ఇంజిన్ పోయిందని తేల్చేయకండి. డీజిల్ ఇంజిన్‌లో మూత కాస్త వణకడం, పల్చటి ఆవిరి రావడం సహజం. ఎగిరిపడుతుంటే మాత్రం కంప్రెషన్ కొలిపించాల్సిందే.

అందరికీ నా కథే జరగాలని లేదు. పికప్ తగ్గి నల్లపొగ వస్తోందంటే చాలాసార్లు ఇంటర్‌కూలర్ పైపు చిట్లి ఉంటుంది. ఐడిలింగ్‌లో ఆ చిట్లు మూసుకునే ఉంటుంది, యాక్సిలరేటర్ నొక్కి ఒత్తిడి ఎక్కగానే తెరుచుకుని గాలి వదిలేస్తుంది. పైపు జాయింట్ల చుట్టూ తడి మరక, బుస్సుమనే చప్పుడు దాని గుర్తులు. యాక్చువేటర్‌కి (టర్బో ఒత్తిడిని అదుపు చేసే పార్టు) వెళ్లే వాక్యూమ్ పైపు పగిలినా అవే లక్షణాలు. దాని ఖర్చుకీ టర్బో ఖర్చుకీ పోలికే లేదు. వేన్‌లు (ఎగ్జాస్ట్ గ్యాస్‌ని మళ్లించే చిన్న రెక్కలు) కదిలే రకం టర్బోలో మసి పట్టి వేన్‌లు బిగుసుకుపోతాయి, అప్పుడు బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్‌ని కాపాడటానికి కంప్యూటరే శక్తి తగ్గించేసే స్థితి) వెళ్తుంది, ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలుగా లాగుతుంది. ఈజీఆర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ గ్యాస్ కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) తెరిచే ఉండిపోవడం, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోవడం కూడా పికప్‌ని చంపేస్తాయి.

స్కానర్‌లో (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) పీ0299 కోడ్ వస్తే చాలామంది "అదిగో టర్బో" అంటారు. ఆ కోడ్ చెప్పేది కావాల్సినంత బూస్ట్ (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడి) రావట్లేదని మాత్రమే. ఎందుకు రావట్లేదో వెతికే పని అక్కడి నుంచే మొదలవుతుంది. నడుస్తుండగా కంప్యూటర్ అడుగుతున్న బూస్ట్ ఎంత, నిజంగా వస్తున్నది ఎంత, రెండూ పక్కపక్కన చూపించమనండి. ఆ చూపించడం రాని షెడ్డులో టర్బో విప్పనివ్వకండి. విప్పాక ఇరుసుని వేళ్లతో కదిపి చూడమనండి. పక్కకి కొద్దిగా కదలడం సహజం, ఎందుకంటే ఆయిల్ పొర చోటు అది. ముందుకీ వెనక్కీ కదులుతున్నట్టు చేతికి తెలిసినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు కనిపించినా అప్పుడు టర్బో పోయిందని ఒప్పుకోవచ్చు.

ఇక కొనబోయేవాళ్లకి. ఇంజిన్ చల్లగా ఉండగా చూపించమని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, "రేపు పొద్దున్నే వస్తానండీ, స్టార్ట్ చేయకండి" అని చెప్పి వచ్చేయండి. మొహమాటపడొద్దు, నేను పడ్డ మొహమాటం ఒక ఇంజిన్ ఖరీదు చేసింది. స్టార్ట్ చేసేటప్పుడు మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి, వేరేవాళ్లని తాళం తిప్పమనండి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. చలికి వచ్చే ఆవిరి ఇంజిన్ వేడెక్కాక పోతుంది. పోకుండా తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తూనే ఉంటే కూలెంట్ లోపలికి వెళ్తోంది. స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ అయ్యుండొచ్చు, బరువు లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులనీ టర్బోనీ అనుమానించాలి.

చిన్న స్కానర్ ఒకటి తీసుకెళ్లండి. కోడ్లు ఏమీ లేవంటే సంతోషపడిపోకండి. కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లలో నమోదై ఉంటుంది. అది 15 కి.మీ. అని చూపిస్తే, మీరు వచ్చే ముందు ఎవరో చెరిపేశారు. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసుంటే బాగుండేది.

ప్రాణానికి సంబంధించింది ఒకటుంది. టర్బో ఆయిల్ కక్కుతున్న డీజిల్ బండిని "ఇంకో వారం లాగిద్దాం" అనుకోకండి. ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తీసుకుని దానంతట అది పరుగెత్తడం మొదలుపెట్టొచ్చు. అప్పుడు తాళం తీసేసినా ఆగదు. మాన్యువల్ బండైతే బ్రేక్ గట్టిగా తొక్కి, పెద్ద గేర్ వేసి, క్లచ్ వదిలేసి ఇంజిన్‌ని ఆపేయాలి. అలా కుదరకపోతే అందరూ దిగి దూరంగా వెళ్లండి. గాలి లోపలికి వెళ్లే చోట చెయ్యి అడ్డం పెట్టొద్దు.

ఇంజిన్ పని చేయించి, బ్రీదర్, ఆయిల్ పైపులు కొత్తవి వేసి, మళ్లీ ఒక టర్బో పెట్టాక ఇప్పటికి 14,000 కి.మీ. తిరిగాను. ఆయిల్ మార్పుకీ మార్పుకీ మధ్య డిప్ స్టిక్ మీద గీత దాదాపు కదలట్లేదు. పైపు విప్పి చూశాను, తడి తప్ప ఏమీ లేదు.

పెద్దాయన ఆ రోజే అడిగాడు, "బండితో వచ్చిన అసలు టర్బో ఏది, ఒకసారి చూద్దాం" అని. మొదటి షెడ్డుకి వెళ్లి అడిగాను. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశామన్నారు. బిల్లు మీద ఆ మాట ఎక్కడా లేదు, ఇస్తున్నట్టు నన్ను అడిగిందీ లేదు. దాని ఇరుసు కదిపి చూసినవాళ్లు కూడా లేరు. ఊడదీసిన పార్టు నాకే ఇవ్వాలని పని ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాయించుకుని ఉంటే అది ఇవాళ నా చేతిలో ఉండేది.