జీబీఐఎఫ్‌లో హెర్బేరియం షీట్లు: మొక్కతో పాటు చీటీ కూడా చదవండి

నేను మొక్కల బొమ్మలు గీస్తాను. ఎండి కాగితానికి అతుక్కుపోయిన కొమ్మను చూసి, అది బతికున్నప్పుడు ఎలా నిలబడేదో పట్టుకోవడమే నా పని. అందుకు నేను ఎక్కువగా ఆధారపడేది జీబీఐఎఫ్ (గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ) మీద. కోపెన్‌హేగన్ కేంద్రంగా నడిచే ఈ వెబ్‌సైట్‌లో ఎన్నో దేశాల హెర్బేరియంలు, అంటే ఎండబెట్టిన మొక్కలను కాగితపు షీట్లకు అంటించి దాచే సంస్థలు, తమ రికార్డులనూ షీట్ల ఫొటోలనూ పెడతాయి. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. డేటా మొత్తంగా దించుకోవాలంటేనే రిజిస్టర్ చేసుకోవాలి, అదీ ఉచితమే. మొక్కల మీద ఇష్టం ఉన్న ఎవరికైనా దీన్ని మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను. కాకపోతే రికార్డు పేజీ దగ్గర ఆగిపోకండి. ఫొటో తెరిచి, పెద్దది చేసి, చీటీలు చదవండి. కథంతా అక్కడే ఉంటుంది.

పేరు కొట్టగానే వచ్చేవాటిలో జనం ఆరుబయట తీసిన ఫొటోలు కూడా కలిసిపోయి ఉంటాయి. రికార్డు రకంలో భద్రపరచిన నమూనాలను ఎంచుకుని, ఫొటో ఉన్నవాటినే చూపమంటే షీట్లు వరసగా వచ్చేస్తాయి.

మంచి షీట్ మీద ఒక ఆకునైనా తిరగేసి అంటిస్తారు, అడుగునున్న ఈనెలూ నూగూ కనబడాలని. రాలిన గింజలకూ రేకులకూ చిన్న కవరు, పక్కన కొలబద్ద, రంగుల పట్టీ. కింద సేకరించినవారి చీటీ. దాని చుట్టూ తర్వాతివాళ్లు అంటించిన చిన్న చీటీలు. ఒకరు పెట్టిన పేరును ఇంకొకరు కాదన్నా పాత చీటీని పీకరు, పక్కనే తమ మాట రాసి సంతకం, తేదీ వేస్తారు. తరాల తరబడి సాగిన వాదన ఒక్క కొమ్మ చుట్టూ చదవగలం. ఈ సైట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

చీటీలో లేనివాళ్లు కూడా ఉంటారు. 1766లో మొదలైన ఫ్రెంచ్ నావికుడు బూగన్‌విల్ ప్రపంచయాత్రలో వృక్షశాస్త్రవేత్త ఫిలిబెర్ కొమర్సన్‌కు సహాయకుడిగా మగవేషంలో ఓడెక్కింది ఝాన్ బరే. ఫ్రెంచ్ నౌకాదళపు ఓడల్లోకి ఆడవాళ్లను రానివ్వని రోజులవి. మనం కాగితంపూలు అనే బూగన్‌విలియా ఆ యాత్రలోనే, రియో డి జనీరో దగ్గర వాళ్ల చేతికి చిక్కింది. భూమిని చుట్టివచ్చిన తొలి మహిళ ఆమే అంటారు. అయినా పారిస్ మ్యూజియంలోని ఆ యాత్ర నమూనాలు కొమర్సన్ పేరు మీదే ఉన్నాయి. వంకాయ, బంగాళాదుంప ఉండే సొలానమ్ ప్రజాతిలో ఒక మొక్కకు ఆమె పేరు పెట్టింది 2012లో! సేకరించినవారి గడిలో ఒక్క పేరే ఉంటే, మొక్కలను నొక్కి ఎండబెట్టే ప్రెస్సులు మోసినవాళ్లు ఇంకెవరా అని ఆలోచించడం ఆమె కథ తెలిశాకే నాకు అలవాటైంది.

శిలీంధ్రాల సంగతికొస్తే చీటీ లేనిదే పని నడవదు. పుట్టగొడుగు ఎండితే రంగూ ఆకారమూ వాసనా పోతాయి. టోపీ జిగురుగా ఉందా, కోస్తే నీలంగా మారిందా, ఏ చెట్టు కింద దొరికింది అన్నవి తీసిన రోజే రాసి ఉండాలి, లేకపోతే నేను బొమ్మకు రంగు వేయలేను. దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగోలో డార్విన్ సేకరించిన సిట్టేరియా డార్వినీ అనే శిలీంధ్రాన్నే చూడండి. అక్కడి బీచ్ అనే రకం చెట్ల కొమ్మల మీద పసుపుపచ్చని గుండ్రటి కాయల్లా పుడుతుంది. స్థానికులు దాన్ని పచ్చిగానే తింటారని డార్విన్ రాసిపెట్టాడు. ఎండిన ముక్కను ఎంతసేపు చూసినా ఆ సంగతి తెలియదు.

దాన్ని శాస్త్రీయంగా వర్ణించినవాడు మైల్స్ బర్క్‌లీ అనే మతాచార్యుడు. బంగాళాదుంపను కుళ్లబెడుతున్నది వాన కాదు, ఆకుల మీది బూజేనని 1846లో వాదించింది కూడా ఆయనే. ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆ తెగులు తెచ్చిన కరువులో ఐర్లండ్‌లో సుమారు 10 లక్షల మంది పోయారు. 2013లో లండన్‌లోని క్యూ వృక్షోద్యానం, జర్మనీలోని మ్యూనిక్ హెర్బేరియంలలో దాచిన 19వ శతాబ్దపు తెగులు ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసి, ఆనాటి తెగులు రకాన్ని గుర్తించి హెర్బ్-1 అని పేరు పెట్టారు. మచ్చలు పడి కుళ్లుతున్న ఆకును ఎవరో శ్రద్ధగా ఎండబెట్టి, తేదీ వేసి దాచారు. ఆ మనుషుల మీద నాకెంత గౌరవమో చెప్పలేను.

ఫొటో నమూనాకు సాటి రాదనేవాళ్లున్నారు. నిజమే. కానీ చికాగో ఫీల్డ్ మ్యూజియం తరఫున మక్‌బ్రైడ్ అనే వృక్షశాస్త్రవేత్త 1929 నుంచి యూరప్ హెర్బేరియంలు తిరిగి, కొత్త జాతులకు మూలమైన టైపు నమూనాలను ఫొటోలు తీశాడు. 1943 మార్చిలో బాంబుదాడికి బెర్లిన్ హెర్బేరియం చాలావరకు కాలిపోయింది. అక్కడి టైపుల్లో ఎన్నిటికో ఆ నలుపుతెలుపు ఫొటోలే దిక్కయ్యాయి.

ఫొటోకు అంత విలువ ఉంది కాబట్టే లైకెన్ల (శిలీంధ్రమూ నాచూ కలిసి రాళ్ల మీదా బెరళ్ల మీదా పెరిగేవి) దగ్గర నాకు అసంతృప్తి. వీటిని షీటుకు అంటించరు, మడిచిన కాగితపు పొట్లాల్లో పెడతారు. చాలా రికార్డుల్లో ఫొటో తీసింది పొట్లం పైభాగాన్నే, లోపలున్నదాన్ని కాదు. ఒక సంస్థ పంపిన వాటిలోనైతే ఏ బెరడు మీద, ఏ రాయి మీద పెరిగిందో చెప్పే గడి కూడా ఖాళీ, పొట్లం మీద మాత్రం చక్కగా రాసి ఉంది. చాలా లైకెన్లు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను తట్టుకోలేవు కాబట్టి, ఒక ఊరి పాత పొట్లం ఆ ఊరి అప్పటి గాలికి సాక్ష్యం. ఎక్కడ, ఎప్పుడు, దేని మీద అన్న మూడూ కలిస్తేనే ఆ సాక్ష్యం నిలబడుతుంది.

మీకు లైకెన్ రూపమే చూడాలని ఉంటే రికార్డులోని బార్‌కోడ్ సంఖ్య రాసుకుని నేరుగా ఆ హెర్బేరియానికి మెయిల్ పెట్టండి. పొట్లం విప్పి ఫొటో తీసి పంపే క్యూరేటర్లు (నమూనాలను చూసుకునేవాళ్లు) ఉన్నారు.