గాలం పట్టుకుని తీర్థన్ లోయకి: బరోట్‌తో ఒక పోలిక

చేపలు ఎక్కువ పడటమే ముఖ్యం అనుకునేవాళ్ళు తీర్థన్ వదిలేసి నేరుగా బరోట్ వెళ్ళిపోవచ్చు. హిమాచల్‌లో మేం గాలాలు వేసిన రెండు లోయల్లో ట్రౌట్ చేపలు మాకు బాగా దొరికింది బరోట్‌లోనే. అయినా మళ్ళీ ఎక్కడికెళ్దాం అంటే మావాళ్ళు ఒక్క గొంతుతో తీర్థన్ అంటారు. కారణం తెలియాలంటే ముందు మావాళ్ళెవరో తెలియాలి.

మాలో ఎవరికీ చేపలు పట్టడం వృత్తి కాదు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దాయన ఒకరు. ఆయన్ని ఇప్పటికీ మేనేజరు గారనే పిలుస్తాం. మా అక్క మొగుడు, అంటే మా బావ, మోటార్ల రీవైండింగ్ షాపు నడుపుతాడు. ఒక హోమియో డాక్టరు గారు, ఆయన వెంట సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేనల్లుడు, చివరగా నేను. గోదావరి కాలువ గట్ల మీద బెండు కట్టిన గాలం వేసి, అది మునుగుతుందా లేదా అని చూస్తూ, కబుర్లు చెప్పుకుంటూ పూటలు గడిపేసే రకం అందరం. జెల్ల పడినా సంతోషమే, ఏమీ పడకపోయినా టీ ఉంటుంది.

మేనేజరు గారికి ఎప్పట్నుంచో మహాశీర్ అనే పెద్ద నది చేప మీద మోజు. 1946లో మైసూరుకి చెందిన వాన్ ఇంజెన్ గాలానికి 120 పౌండ్ల మహాశీర్ పడిందని, అంటే దాదాపు 54 కిలోలని, ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆ మోజుతోనే ముందొకసారి బెంగళూరుకి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న భీమేశ్వరి వెళ్ళాం. కావేరి ఒడ్డున కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ నడిపే క్యాంపు అది. ఒకప్పుడు దేశవిదేశాల నుంచి గాలాలవాళ్ళు అక్కడికే వచ్చేవారు. పట్టిన చేపని తూచి, ఫొటో తీసుకుని, తిరిగి నీళ్ళలో వదిలెయ్యాలన్నది నియమం. ఇప్పుడు అది కూడా లేదు. ఆ ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి, చట్టం దృష్టిలో గాలం వెయ్యడమూ వేటే కాబట్టి, పూర్తిగా ఆపేశారు. కావేరిలో మాత్రమే ఉండే మూపురం మహాశీర్ 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది కూడా. క్యాంపు బాగుంటుంది. చెట్ల నీడ, పుట్టిలో నది మీద షికారు, వేళకి భోజనం. చేపల వేటగాళ్ళకి దారి చూపించిన పాత రోజుల గురించి అక్కడి పెద్దవాళ్ళని కదిపితే సాయంత్రం సాయంత్రమంతా గడిచిపోతుంది. కుటుంబంతో వెళ్ళడానికి మంచి చోటు. గాలపు కర్రలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి.

మరి చట్టబద్ధంగా గాలం ఎక్కడ వెయ్యొచ్చని వెతికితే హిమాచల్ ట్రౌట్ దగ్గర తేలాం. ట్రౌట్ మన దేశపు చేప కాదు. 1909లో హోవెల్ అనే బ్రిటిష్ అధికారి కశ్మీరు నుంచి గుడ్లు తెప్పించి కులూ లోయలో పొదిగించాడు. ఇప్పుడు అక్కడి మత్స్యశాఖ రోజువారీ పర్మిట్ ఇస్తుంది. ఫీజు పెద్ద భారమేమీ కాదు. కర్ర, దారం, గాలంతోనే పట్టాలి, వలలు నిషిద్ధం. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరి దాకా గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేట పూర్తిగా బంద్. మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్ళు ఉధృతంగా, మసకగా ఉంటాయి. జూలై, ఆగస్టులు వానలవి, అప్పుడు ఆ కొండదారుల్లో తిరగడమే సాహసం. 2023 జూలై వరదల్లో కులూ, మండి జిల్లాల రోడ్లు ఏమయ్యాయో టీవీలో చూసే ఉంటారు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది మార్చి, ఏప్రిల్, ఆ తర్వాత సెప్టెంబరు రెండో సగం, అక్టోబరు.

ఢిల్లీ నుంచి మనాలి వెళ్ళే రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున ఔట్ అనే ఊళ్ళో, సొరంగం ముందు దిగాలి. అక్కణ్ణుంచి ట్యాక్సీలో బంజార్ మీదుగా తీర్థన్ లోయలోని గుషైని. విమానంలో వెళ్ళేవాళ్ళు గాలాలు, చాకులు చెకిన్ బ్యాగులోనే పెట్టుకోవాలి. నాలుగు ముక్కలుగా విడదీసే ట్రావెల్ రాడ్డయితే సూట్‌కేసులోనే పడుతుంది.

ఔట్‌కి కాస్త ముందు తలోట్ వస్తుంది. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయింది అక్కడే. పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. బస్సులో మాలో మేలుకున్నవాళ్ళం ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు. తీర్థన్ గురించి చెప్పడానికి ఈ సంగతి అవసరం, అందుకే ఎత్తాను. తీర్థన్ మీద డ్యాములు లేవు. తొమ్మిది జలవిద్యుత్ ప్రాజెక్టులు రావాల్సింది. బంజార్ మాజీ ఎమ్మెల్యే దిలే రామ్ శబాబ్, లోయ జనం కలిసి పోరాడితే అవి ఆగిపోయాయి. గాలం వేసేవాడికి దీనివల్ల నేరుగా లాభం ఉంది. కొండల్లో వాన పడితే నీళ్ళు పెరుగుతాయి, ఆ జాగ్రత్త ఎలాగూ ఉండాలి. కానీ ఎవరో గేట్లు ఎత్తితే ఉన్నట్టుండి నది మీదకొచ్చే భయం లేదు. ఐదుగురం తలో మడుగు దగ్గరికి చెదిరిపోయినా టెన్షన్ లేకుండా ఉండగలిగాం.

చెదిరిపోవడం అన్నాను కదా, ట్రౌట్‌కి అది తప్పనిసరి. మన బెండు గాలంలా ఒకచోట కూర్చుంటే కుదరదు. ఈ చేప చల్లటి, పరుగులెత్తే నీళ్ళలో పెద్ద బండల చాటున, ఎగువ వైపు మొహం పెట్టి, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. మన నీడ పడినా, రాళ్ళ మీద అడుగు చప్పుడైనా మాయం. వెనక నుంచి, అంటే దిగువ నుంచి నడిచెళ్ళి, బండకి కాస్త ఎగువన స్పిన్నరో (నీళ్ళలో గిరగిరా తిరిగే రేకు ఎర) ఫ్లైయో (పురుగులా కట్టిన ఎర) వేసి ప్రవాహంతో పాటు రానివ్వాలి. నాలుగైదు సార్లు వేసినా స్పందన లేకపోతే పై మడుగుకి కదలాలి. మేనేజరు గారి మోకాళ్ళకి ఇది పరీక్షే. బావకి అసలు నచ్చలేదు. "ఇదేం వేటరా, మార్నింగ్ వాక్ లాగుంది" అని మొదటి పూటంతా సణుగుతూనే ఉన్నాడు.

తీర్థన్ స్వభావం ఇక్కడే ఉపయోగపడుతుంది. గుషైని చుట్టుపక్కల నది మెట్లుమెట్లుగా దిగుతుంది, మడుగు తర్వాత మడుగు. ఒకరి చేతికి మరొకరు అడ్డు రాకుండా, కానీ తలెత్తితే కనబడేంత దూరంలో అందరం ఉండొచ్చు. నీళ్ళ హోరులో మాట వినబడదు కాబట్టి సైగలు తయారయ్యాయి. టోపీ ఊపితే చేప పడిందని, కర్ర నిలువుగా ఎత్తి పట్టుకుంటే దారం చిక్కుపడింది, వచ్చి సాయం చెయ్యమని. రెండో సైగ ఎక్కువ వాడింది డాక్టరు గారు. మేనల్లుడు ప్రతిసారీ వచ్చి, "మావయ్యా, మీరు రీల్ ముట్టుకోకండి" అంటూ చిక్కు విప్పి వెళ్ళేవాడు.

ఒకరి మడుగులోకి మరొకరు అడక్కుండా వెళ్ళకూడదన్న నియమం ఎవరూ పెట్టకుండానే ఏర్పడింది. చేప తప్పించుకున్నాక దాని పొడవు సాయంత్రానికి జానెడు పెరగడం మామూలే. పడనివాడికి పడినవాడు తన స్పిన్నర్ ఇవ్వడమూ మామూలే. కోల్‌కతా నుంచి ఒంటరిగా వచ్చిన ఒక పెద్దాయన్ని మేం దాదా అని పిలిచేవాళ్ళం. మా దగ్గరున్న మెరిసే పెద్ద స్పిన్నర్లు చూసి తల అడ్డంగా ఊపి, తన డబ్బాలోంచి గోరంత రాగి రంగు స్పిన్నర్ తీసి బావ చేతిలో పెట్టాడు. నీళ్ళు ఇంత తేటగా ఉన్నప్పుడు మెరుపు ఎక్కువైతే చేప బెదురుతుందట. దాదాకి తెలుగు రాదు, బావకి హిందీ అంతంతమాత్రం. అయినా వాళ్ళిద్దరూ ఒక బండ మీద కూర్చుని ముడులు వేసుకుంటూ పూటంతా గడిపేశారు. బావకి మొదటి బ్రౌన్ ట్రౌట్ ఆ స్పిన్నర్‌కే పడింది. అరచెయ్యంత కూడా లేదు, వదిలేశాడు. వదిలే ముందు చేతులు తడుపుకోవాలని దాదా కేకేసి మరీ చెప్పాడు. పొడి చేతితో పడితే చేప ఒంటి మీది జిగురు పొర ఊడి, దానికి జబ్బు చేస్తుంది. ముల్లుకి వెనక్కి తిరిగి ఉండే చిన్న కొసని నొక్కేసిన గాలమైతే విడిపించడం తేలిక, చేపకీ గాయం తక్కువ.

ఇక బసల సంగతి. తీర్థన్‌లో మేం రెండు చోట్ల ఉన్నాం. మొదటిది వెబ్‌సైట్‌లో నది పక్కనే అని ఉంది. పక్కనే నిజమే, కానీ నిలువునా కింద. చీకట్లో ఆ మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలంటే మేనేజరు గారి వల్ల కాదు. గాలం సామాను అద్దెకిస్తామన్నారు, రీళ్ళు తుప్పు పట్టి ఉన్నాయి, దారం లాగితే పుటుక్కుమంది. పైగా శనివారం రాత్రి చలిమంట, డీజే. తెల్లవారుజామున లేచి వేటకెళ్ళాల్సినవాళ్ళకి అది నరకం. మర్నాడే సర్దుకుని ఆవలి ఒడ్డున ఒక రైతు ఇంటికి మారిపోయాం. ఆ ఇంటికి వంతెన లేదు, నది మీద కట్టిన తీగ మీద బుట్టలో కూర్చుని దాటాలి. గదులు చిన్నవి, వేడినీళ్ళు బకెట్ లెక్కన. కానీ గుమ్మం దిగితే మడుగు. ఇంటాయన కొడుకే గైడుగా వచ్చాడు. ఏ బండ వెనక చేప ఉంటుందో, ఏ రాయి మీద కాలు జారుతుందో అతనికి కొట్టిన పిండి. మా గుంపులో చేపలు పడ్డవాళ్ళందరికీ అతను పక్కనుంటేనే పడ్డాయి. డబ్బులు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ గైడు దగ్గర తగ్గించకండి. గది గురించి వంద ఫొటోలు చూసే బదులు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: నీళ్ళ దాకా ఎన్ని నిమిషాల నడక, తోడు ఎవరు వస్తారు.

వంట బాగుంటుంది. రాజ్మా అన్నం, ఆవిరి మీద ఉడికించి నెయ్యి పోసిచ్చే సిడ్డు అందరికీ నచ్చాయి. వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా మాత్రం ఇంటావిడకే ఇచ్చి రావాల్సి వచ్చింది, ఆవిడ అంతగా ఇష్టపడింది. ట్రౌట్ తినాలనిపిస్తే ఫారం చేప కొనుక్కోవడం నయం. నదిలో బ్రౌన్ ట్రౌట్‌ని నదికే వదిలేస్తే తర్వాత వచ్చేవాళ్ళకి ఉంటుంది. దీని మీద మాలో ఏకాభిప్రాయం లేదు. పర్మిట్ కట్టాక ఒక్క చేపైనా వేయించుకుని తినకపోతే అది వేటెలా అవుతుందని డాక్టరు గారి వాదన. ఇప్పటికీ తెగలేదు.

గుషైని దాటి ఎగువకి వెళ్తే గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్, 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినది. పార్కు లోపల గాలం పట్టుకుని తిరగాలన్న ఆలోచన పెట్టుకోవద్దు.

బరోట్ వేరే రకం. మండి నుంచి ఘాట్ రోడ్డు. ఊళ్ నది మీద 1930ల నాటి శానన్ విద్యుత్ కేంద్రానికి నీళ్ళిచ్చే జలాశయం ఊరి మధ్యలోనే ఉంది. ప్రభుత్వ ట్రౌట్ ఫారం కూడా అక్కడే. గదులు తీర్థన్ కంటే చవక, బజారు దగ్గర, పర్మిట్ పని చిటికెలో అయిపోతుంది. చేపలూ బాగా పడ్డాయని మొదట్లోనే చెప్పాను. మేనల్లుడు ఒక్క సాయంత్రంలో తీర్థన్ మొత్తంలో పట్టినదాని కంటే ఎక్కువ పట్టాడు. కానీ మంచి చోట్లు కొన్నే, వాటి దగ్గర జనం బారులు తీరి ఉంటారు. వారాంతమైతే కార్లలో పాటలు మోగిస్తూ ఒడ్డు దాకా వచ్చేస్తారు. జలాశయం దిగువన నదిలోకి దిగొద్దని గైడు గట్టిగా చెప్పాడు. తలోట్ చూసి వచ్చినవాళ్ళం, మళ్ళీ చెప్పించుకోలేదు. దాంతో ఐదుగురం ఒకే చోట, భుజం భుజం రాసుకుంటూ నిలబడాల్సి వచ్చింది. బావ వేసిన గాలం మేనేజరు గారి టోపీకి తగులుకుంది. పక్కవాడికి పడితే మనకి పడలేదన్న లెక్క మొదలైంది. తీర్థన్‌లో సాయంత్రం కలిసినప్పుడు చెప్పుకోవడానికి తలా ఒక కథ ఉండేది. బరోట్‌లో అందరం అన్నీ చూసేశాం, ఇక చెప్పుకునేదేముంది? ఒక్కరో ఇద్దరో వెళ్ళేవాళ్ళకి, మొదటిసారి ట్రౌట్ పట్టి చూడాలనుకునేవాళ్ళకి బరోట్ చక్కగా సరిపోతుంది, మామూలు వారాల్లో వెళ్తే.

వచ్చేసారి అక్టోబరులో అనుకుంటున్నాం. కులూ దసరా విజయదశమి నాడు మొదలై వారం రోజులు నడుస్తుంది, అప్పుడు బస్సులూ గదులూ దొరకవు, కాబట్టి అది అయ్యాక, నవంబరు 1 లోపు. ఆవలి ఒడ్డు రైతుకి ఫోన్ చేశాం, గదులున్నాయన్నాడు. దాదా కూడా అప్పుడే వస్తానన్నాడు. మేనేజరు గారు ఫ్లై రాడ్ కొని డాబా మీద ప్రాక్టీసు చేస్తున్నారు. బావ మాత్రం ఈసారి ఒక బెండు కూడా పట్టుకొస్తానంటున్నాడు.