కర్రపెండలం మిడత: గుడ్లు తవ్వడమా, మందు కొట్టడమా, బూజు చల్లడమా? ఏది మేలు?

దక్షిణ నైజీరియాలో కర్రపెండలం వేసే రైతుకు ఎండాకాలం (అక్కడ వానలు తగ్గే నవంబరు-మార్చి నెలలు) వచ్చిందంటే రంగుల మిడతతో తంటా. శాస్త్రవేత్తలు దీన్ని జోనోసెరస్ వేరిగేటస్ అంటారు. మన జిల్లేడు మొక్కల మీద నీలం, పసుపు చారలతో కనిపించే మిడతదీ ఈ కుటుంబమే. దీన్ని అణచడానికి మూడు మార్గాలున్నాయి. వాటిలో ఏది పనికొస్తుందో పురుగు బతుకు చూస్తేనే తెలుస్తుంది.

ఎక్కువ నష్టం చేసే ఎండాకాలపు గుంపుకు ఏడాదికి ఒక్కటే తరం. మార్చి నుంచి మే దాకా ఆడ మిడతలు తోక భాగాన్ని మట్టిలోకి దించి, నురగలో చుట్టిన గుడ్ల సంచులు పెడతాయి. అవి అక్టోబరు, నవంబరుల్లో గానీ పొదగవు. పిల్లలు సాధారణంగా ఆరు దశలు దాటి ఫిబ్రవరి, మార్చి నాటికి పెద్దవవుతాయి. అంటే ఏడాదిలో సగానికి పైగా ఈ పురుగు కదలకుండా నేలలోనే ఉంటుంది.

అందుకే నా ఓటు ముందు పారకే. ఈ మిడతలు గుడ్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టవు. నీడ, తేమ ఉన్న పొదల కింద ఒకే చోటికి గుంపుగా చేరి పెడతాయి. ఆ గుంపులు కనబడినప్పుడే చోటు గుర్తుపెట్టుకుని, తర్వాత పైమట్టి తిరగేస్తే చాలు, బయటపడ్డ గుడ్లు ఎండకు వడలిపోతాయి. మందు ఖర్చు లేదు. చిక్కల్లా ఒకటే: గుడ్లుండే పొద నా చేలో ఉండకపోవచ్చు, పక్కవాడి బీడులో ఉండొచ్చు. ఊరంతా కలిసి తవ్వకపోతే ఒక్కడి కష్టం గట్టు దాటదు.

మందు సంగతి వేరు. తొలి దశల పిల్లలు గుంపులుగా తిరుగుతాయి, రాత్రిళ్లు మొక్కల కొసలకెక్కి నిద్రిస్తాయి. తెల్లవారుజామున ఆ గుంపుల మీద మాత్రమే కొడితే కొద్ది మందుతో పని అవుతుంది. ఆ వయసులో అవి పచ్చి కర్రపెండలం ఆకును పెద్దగా ముట్టవు కూడా. నమిలితే ఆకులోంచి సైనైడ్ వెలువడుతుంది మరి. పెద్దవై గుంపు కట్టాక, వేరే మేత తగ్గిపోయాక అదే ఆకును దులిపేస్తాయి, ఆకు అయిపోతే కాండం బెరడు కొరుకుతాయి. రైతు కంగారుపడి పంపు భుజానికెత్తుకునేది అప్పుడే. అప్పటికి మందు ఎక్కువ కావాలి, ఫలితం తక్కువ. గుడ్లు పెట్టేశాక కొడితే వచ్చే ఏటి గుంపు నేలలో భద్రంగానే ఉంటుంది.

ఇక బూజు. 1989లో మొదలైన లుబిలోసా పరిశోధన కార్యక్రమం మెటారైజియం అనే శిలీంధ్రం బీజాలను నూనెలో కలిపి 'గ్రీన్ మజిల్' అనే మందు తయారుచేసింది. నైజీరియా పక్క దేశం బెనిన్‌లో ఈ మిడత మీదా దాన్ని పరీక్షించారు. నూనె ఉండడం వల్ల పొడి వాతావరణంలోనూ బీజం మిడత చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. మిడత జాతులనే పట్టుకుంటుంది కాబట్టి తేనెటీగలకు భయం లేదు. చావడానికి మాత్రం వారం, రెండు వారాలు పడుతుంది. ఈలోగా మేత పూర్తిగా ఆగదు. కాబట్టి ఇదీ పిల్ల దశలో వాడాల్సిందే. సరుకు దొరికే చోట రసాయనం కంటే దీన్నే ఎంచుకుంటాను.

మూడింటికీ అడ్డుపడేది సియామ్ కలుపు అని పిలిచే క్రోమోలీనా. అమెరికా ఖండం నుంచి వచ్చి పశ్చిమాఫ్రికా బీళ్లన్నీ ఆక్రమించింది. దాని పూల వాసనకు మిడతలు ఎగబడతాయి, అందులోని విషపదార్థాన్ని ఒంట్లో దాచుకుని శత్రువుల నుంచి తప్పించుకుంటాయి. చేను చుట్టూ ఈ కలుపు పూతకొస్తుంటే, పూయకముందే కోసేయడం తవ్వకంతో పాటు చేయాల్సిన పని.

అన్నట్టు, అక్కడ కొందరు ఈ మిడతల్ని ఏరి వండుకు తింటారు కూడా. రసాయనం కొట్టిన చేలో మాత్రం ఆ దారి మూసుకున్నట్టే.