పూల ఫొటోలకి ప్రింట్లు వేయించేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

పర్లాకిమిడిలో మా పెరటి కంచె మీద పాకిన నీలి శంఖుపూలని ఈ వానాకాలం నెల రోజులపాటు ఫొటోలు తీశాను. మాక్రో లెన్స్‌తో అంత దగ్గరికి వెళితే రేకు అంచు స్పష్టంగా వచ్చినప్పుడు నడిమి తెల్లమచ్చ మసకబారిపోతుంది. అందుకే గాలి లేవకముందే, తెల్లవారుతుండగా, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పన్నెండు ఫొటోలు తీసి ఒకటిగా కలిపాను. ఆ నీలం కెమెరాకి ఓ పట్టాన లొంగదు, ఊదాగా పడుతుంది. దాన్ని సరిచేయడానికే రెండు రాత్రులు పట్టింది. ఇదంతా మా చెల్లి గృహప్రవేశానికి ఇద్దామని.

ఒక ఆన్‌లైన్ స్టూడియోవాళ్లు కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు (నీటిలో కరగని రంగుపొడితో చేసేది) అని చెప్పారు. ఏ3 సైజులో రెండు ప్రింట్లకి 3,800 రూపాయలు ముందే కట్టించుకున్నారు.

ప్రింట్లు చుట్టి పంపిన గొట్టం విప్పి చూస్తే కాటన్ కాగితం కాదు, పెళ్లి ఆల్బమ్‌లా తళతళలాడే కాగితం. నీలం కాస్తా వంకాయ రంగైంది. పై రేకు కొస తెగిపోయింది. కెమెరా ఫొటో 3:2 కొలతలో ఉంటుంది, ఏ3 కాగితం అలా ఉండదు. కాగితమంతా నింపాలంటే పొడుగు వైపు సుమారు రెండున్నర సెంటీమీటర్లు కోయాల్సిందే. కోసేముందు నన్ను ఒక్క మాట అడగాలి కదా! అనుమానమొచ్చి ఒక మూల నీటిచుక్క వేసి దూదితో అద్దాను. దూది నీలమైంది. పిగ్మెంట్ ఇంకు సాధారణంగా అలా కరిగి రాదు, నీటిలో కరిగే డై ఇంకే వస్తుంది. వానాకాలం గోడలు చెమర్చే మన ఊళ్లలో అది ఎన్నాళ్లుంటుంది?

అడిగితే "మీ మానిటర్‌లో రంగులు తేడా మేడమ్" అన్నారు. రంగు సంగతి సరే, కాగితం మారడానికి నా మానిటర్‌కి ఏం సంబంధం? తర్వాత కస్టమ్ ఆర్డర్‌కి రిటర్న్ లేదని ఫోన్ ఎత్తడం మానేశారు.

దయచేసి కాగితం పేరు, మందం, ఇంకు రకం రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి. ఆ కాగితానికి ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం, ఇంకు మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్) ఇమ్మనండి. నిజంగా ఆర్ట్ ప్రింట్లు వేసేవాళ్ల దగ్గర అది ఉంటుంది. అదే కాగితం మీద ముందు చిన్న ముక్క వేయించి చూసుకోండి, ముఖ్యంగా శంఖుపువ్వు, కనకాంబరం లాంటి రంగులకి. ఏ3లో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 3508×4961 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి నిలవవు, డాక్యుమెంట్‌గా పంపండి. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను తీయలేదు, ఫోన్ ఎత్తినన్నాళ్లూ దాన్నే పట్టుకుని మాట్లాడారు.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వాళ్లకి మెయిల్ పెట్టి తొమ్మిది రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మా చెల్లి గృహప్రవేశం ఎల్లుండే. డబ్బు తిరిగొచ్చినా రాకపోయినా ఇక్కడే చెప్తాను.