రెండా, ఐదా, మూడా? జీవుల్ని ఎలా విడదీస్తే మేలు?

మా మేనల్లుడు ఇంటర్ బైపీసీ. మొన్న శివరాత్రికి ఊరొచ్చి, చెరువు గట్టు మీద కూర్చుని, "మావయ్యా, జీవులు రెండు రకాలంటారు, ఐదు రాజ్యాలంటారు, మూడు డొమైన్లంటారు. ఇంతకీ ఏది కరెక్టు?" అన్నాడు. డెల్టాలో రొయ్యలు పెంచేవాణ్ణి కదా, నాకు దీని మీద ఒక అభిప్రాయం ఉంది. ఊరికే రాలేదు, డబ్బు పోగొట్టుకుంటే వచ్చింది.

పరీక్షలో సిలబస్ ఏది చెబితే అది రాసెయ్. చెరువు గట్టు మీద మాత్రం నా ఓటు రెండు రకాలకే. కణంలో పొర చుట్టిన కేంద్రకం లేకపోతే కేంద్రకపూర్వ జీవి, ఉంటే నిజకేంద్రక జీవి. షాటన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1925లో పెట్టిన పేర్లివి. 1962లో స్టానియర్, వాన్ నీల్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు గట్టిగా పట్టుకునేదాకా పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఒక పంటలో నా వనామీ రకం రొయ్య ఎదగడం మానేసింది. చెక్‌ట్రే, అంటే మేత తింటున్నాయా లేదా చూసే పళ్లెం, పైకి లాగితే ఒక రొయ్య చూపుడువేలంత, పక్కది అందులో సగం. నీళ్ల మీద తెల్లటి దారప్పోగుల్లా మలం తేలుతోంది. మందుల కొట్లో చెబితే "విబ్రియో అండీ" అని బాక్టీరియాకు మందిచ్చారు. వాడాను, మేత దండగ, మందు దండగ. చివరికి పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేయిస్తే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి అని తేలింది. అది బాక్టీరియా కాదు, బూజుల చుట్టం. దానికి కేంద్రకం ఉంది. బాక్టీరియాను చంపే మందులు చాలావరకు దాని కణకవచంలో గోడ కట్టే పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థాన్నో, ప్రొటీన్లు తయారుచేసే దాని రైబోజోమునో దెబ్బతీస్తాయి. ఈహెచ్‌పీకి ఆ గోడే లేదు. ఇక పరిమాణం చూసి పోల్చుకుందామంటే, దాని స్పోరు (విత్తనం లాంటి రూపం) పొడవు మైక్రాన్‌కు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు, కాస్త ఎక్కువ, అంటే బాక్టీరియా అంతే. చూపుకు ఒకటే, లోపల వేరు.

వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు సంగతి ఇంకా విడ్డూరం. దాన్ని తెచ్చేది వైరస్, అసలు కణమే లేదు. రెండైనా, ఐదైనా, మూడైనా ఏ గదిలోనూ దానికి చాప వెయ్యలేం.

ఐదు రాజ్యాలు 1969లో విట్టేకర్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పినవి: మొనీరా (కేంద్రకం లేనివి), ప్రొటిస్టా (కేంద్రకమున్న ఏకకణ జీవులు), ఫంజై (బూజులు, పుట్టగొడుగులు), ప్లాంటే (మొక్కలు), అనిమేలియా (జంతువులు). కణం రకమే కాదు, ఒకే కణమా అనేక కణాలా, తిండి ఎలా సంపాదిస్తుంది అన్నవీ చూశాడు. పుట్టగొడుగుల్ని మొక్కల్లోంచి విడదీయడం మంచి పనే. కానీ ప్రొటిస్టా నాకు మా ఇంటి అటకలా కనిపిస్తుంది, ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ అందులోకే. కంఠతా పట్టడానికి మాత్రం ఇదే సులువు.

మూడు డొమైన్ల విషయానికొస్తే, దాళ్వా (రెండో పంట) వరి మడిలో కాలు దించి చూడు. బురదలోంచి బుడబుడమని బుడగలొస్తాయి. అందులో మీథేన్ అనే మండే వాయువు ఉంటుంది. దాన్ని పుట్టించేవి ఆర్కియాలనే సూక్ష్మజీవులు. గేదె పొట్టలో, గోబర్ గ్యాస్ తొట్టిలో పనిచేసేవీ ఆ జాతివే. వాటికీ కేంద్రకం లేదు, విబ్రియోకూ లేదు, కాబట్టి రెండు రకాల లెక్కలో ఇద్దరూ ఒకటే. ఇంట్లో గేదె లేనివాళ్లంతా చుట్టాలే అన్నట్టుంటుంది ఈ వాదన! ఆర్కియాలకు పెప్టిడోగ్లైకాన్ లేదు, పొరలోని కొవ్వు వేరు, జన్యువుల్ని చదివే యంత్రాంగం బాక్టీరియా కంటే మనకే దగ్గర. 1977లో వోస్, ఫాక్స్ అనే అమెరికా శాస్త్రవేత్తలు రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ పోల్చి చూసి ఈ తేడా పట్టారు. 1990లో వోస్, ఇంకో ఇద్దరితో కలిసి బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా (కేంద్రకమున్నవన్నీ) అని మూడు డొమైన్లు చేశాడు. చుట్టరికాల వరకు ఇదే నిజానికి దగ్గర, ఒప్పుకోక తప్పదు.

అదీ కుదురుగా లేదు. 2015లో ఉత్తర సముద్రాల అడుగు బురదలో మన కణాల్లోని వాటిని పోలిన జన్యువులున్న ఆర్కియాలు బయటపడ్డాయి. కేంద్రకమున్న మనమంతా ఆర్కియాల కొమ్మ మీదే మొలిచామని ఇప్పుడు చాలామంది అంటున్నారు. అదే నిజమైతే మూడు మళ్లీ రెండవుతాయి, కానీ ఈసారి గీత వేరే చోట పడుతుంది.

ఇదంతా విని వాడు ప్యాంటు మడిచి మడిలోకి దిగాడు. నీళ్లు నింపిన సీసా బోర్లించి బుడగలు పడుతున్నాడు. అగ్గిపెట్టె నా జేబులోనే ఉంచుకున్నాను.