సొంతంగా బిగించుకున్న టూరింగ్ సైకిల్: ఏళ్ళ తరబడి తొక్కాక

టూరింగ్ సైకిల్‌కి భాగాలు ఏరుకుని బిగించుకోవాలనుకునేవాళ్ళు ఎక్కువగా ఫ్రేమ్ దగ్గర మొదలుపెడతారు. నేను లగేజీ దగ్గర మొదలుపెట్టాను. టెంటు, పడక సంచి, వంట సామాను, బట్టలు, నీళ్ళు అన్నీ తూకం వేస్తే 25 కిలోలకు దగ్గరగా వచ్చింది. సైకిల్ 15, మనిషి 70 అనుకుంటే రెండు చక్రాల మీద 110 కిలోలు. ఈ అంకె ఖాయమయ్యాక మిగతా భాగాలు చాలావరకు వాటంతటవే తేలిపోయాయి. అప్పట్నుంచి వానలో, కంకర దారుల్లో, ఘాట్ రోడ్ల మీద ఇదే సైకిల్ తొక్కుతున్నాను. ఏది నిలబడింది, ఏది విసిగించింది అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందు గేర్ల సంగతి. రోడ్ సైకిళ్ళలో మామూలుగా కనిపించే చిన్న గేరు ముందు 34 పళ్ళు, వెనక 28. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 2.6 మీటర్లు వెళ్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 9 కిలోమీటర్ల పైమాటే. 110 కిలోలను ఆ వేగంతో 8 శాతం ఎత్తు ఎక్కించాలంటే బరువు లాగడానికే 220 వాట్లు కావాలి. పొద్దుటి నుంచి తొక్కుతున్న కాళ్ళు గంటల తరబడి అంత ఇవ్వలేవు. నేను పెట్టుకున్నది ముందు 44, 32, 22 పళ్ళ మౌంటెన్ సైకిల్ క్రాంక్ (పెడళ్ళు బిగించే ముందు పళ్ళచక్రాల సెట్టు), వెనక 11 నుంచి 34 పళ్ళ దాకా ఉన్న 9 స్పీడ్ల క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి). 26 అంగుళాల చక్రంతో అన్నిటికన్నా చిన్న గేరులో ఒక చుట్టుకు 1.3 మీటర్లే. అవే 60 చుట్లకు గంటకు 5 కిలోమీటర్ల లోపు వేగం, కావాల్సిన శక్తి 115 వాట్లకు దిగుతుంది. సీటు మీద నుంచి లేవకుండా, మోకాళ్ళు నొప్పి పుట్టకుండా ఎక్కేయొచ్చు. పెద్ద గేరులో 80 చుట్లు తొక్కితే గంటకు 39 కిలోమీటర్లు వస్తుంది. లోడుతో అంతకన్నా వేగం వచ్చేది పల్లంలోనే, అక్కడ తొక్కే పనే ఉండదు.

అసలు తలనొప్పి, భాగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయా లేదా అన్న దగ్గర మొదలవుతుంది. ముందు పళ్ళ తేడా 22, వెనక 23, కలిపితే 45. చిన్న గేర్లలో వదులయ్యే చైన్‌ని అంత మేరా లాగిపట్టుకోవడం వెనక డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే భాగం) పని. షిమానో వాళ్ళ పొడవు కేజ్ (చైన్‌ని లాగిపట్టే చేయి) ఉన్న మౌంటెన్ డిరైలర్లకు హద్దు సరిగ్గా ఆ 45. ఇంకో మెలిక: షిమానోలో 9 స్పీడ్ల దాకా రోడ్ షిఫ్టర్‌తో (గేరు మార్చే మీటతో) మౌంటెన్ వెనక డిరైలర్ పనిచేస్తుంది. 10 స్పీడ్లకొచ్చేసరికి మౌంటెన్ వాటికి కేబుల్ లాగే కొలత మార్చేశారు, ఇక కలవవు. బ్రేకులదీ ఇదే పేచీ. రోడ్ లివర్ కేబుల్‌ని తక్కువ లాగుతుంది, రిమ్‌ని రెండు పొడవు చేతులతో నొక్కే వి-బ్రేక్‌కి ఎక్కువ లాగాలి. కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్‌కి వి-బ్రేకులు పెట్టాలంటే వాటి కోసమే చేసిన లివర్లు వెతుక్కోవాల్సిందే.

గేర్లకి హ్యాండిల్ చివర్లలో బిగించే బార్-ఎండ్ షిఫ్టర్లు తీసుకున్నాను. ముందుది క్లిక్కులు లేని ఫ్రిక్షన్ రకం, ఏ డిరైలర్‌తోనైనా సర్దుకుపోతుంది. వెనకదాన్ని కూడా కావాలంటే ఫ్రిక్షన్‌లోకి తిప్పుకోవచ్చు. ఒకసారి సైకిల్ పక్కకు పడి డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ కాస్త వంగింది, క్లిక్కులన్నీ తప్పాయి. షిఫ్టర్‌ని ఫ్రిక్షన్‌లోకి తిప్పి, చైన్ చప్పుడు విని సర్దుకుంటూ మిగతా దారంతా తొక్కేశాను. ఈ ఒక్క గుణం కోసమే మళ్ళీ వాటినే కొంటాను. గేర్లన్నీ వెనక చక్రం మధ్య డబ్బాలోనే ఉండే రోలోఫ్ 14 గేర్ల హబ్ గురించి కూడా చాలా ఆలోచించాను. 526 శాతం రేంజి (పెద్ద గేరు చిన్నదానికి 5.26 రెట్లు), 5,000 కిలోమీటర్లకో ఏడాదికో ఆయిల్ మార్చడం తప్ప పెద్దగా పని పెట్టదు. కానీ దాని లోపల ఏదైనా పోతే దారిలో మన చేతుల్లో ఏమీ ఉండదు. డిరైలర్ విరిగితే చైన్ కుదించి ఒకే గేరుతోనైనా ఊరు చేరొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది వెనక చక్రం మీద. 36 పుల్లలు, మూడు క్రాసుల అల్లిక (ఒక్కో పుల్ల మరో మూడింటిని దాటేలా), ఇత్తడి నిపుళ్ళు (పుల్లని రిమ్‌కి బిగించే చిన్న నట్లు). పుల్లలు డబుల్ బటెడ్ రకం, అంటే రెండు చివర్లా 2 మిల్లీమీటర్లు, మధ్యలో 1.8. మధ్యలో సన్నగా ఉంటే బలం తక్కువ కదా అంటారు చాలామంది. జరిగేది వేరు. సన్నటి మధ్యభాగం కొంచెం సాగుతుంది కాబట్టి గుంతలో పడ్డ దెబ్బని చుట్టుపక్కల పుల్లలు పంచుకుంటాయి, హబ్ దగ్గరి వంపు మీద భారం తగ్గుతుంది. పుల్లలు సాధారణంగా తెగేది ఆ వంపు దగ్గరే. అదీ ఒక్క దెబ్బకు కాదు, లక్షల సార్లు బిగిసి వదులై లోహం అలిసిపోయి. క్యాసెట్‌కి చోటివ్వాలి కాబట్టి కుడి పుల్లలు దాదాపు నిటారుగా, చాలా బిగువుగా ఉంటాయి. ఎడమ వైపు బిగువు అందులో సగానికి కాస్త పైన మాత్రమే. అందుకే కుడివైపు 110, 120 కిలోల బిగువు దాకా బిగిస్తేగానీ ఎడమవి వదులైపోకుండా నిలవవు.

బెండు తీశాం, చక్రం సమంగా తిరుగుతోంది కదా అని అక్కడే ఆగిపోకూడదు. పక్కపక్కనే సమాంతరంగా పోయే పుల్లల్ని రెండేసి చొప్పున పట్టుకుని, గట్టిగా పిండుతూ చక్రమంతా చుట్టి రావాలి. మొదటి చుట్టులో టిక్కు టిక్కుమని చప్పుళ్ళొస్తాయి. నిపుల్ తిప్పినప్పుడు మెలిపడ్డ పుల్లలు విడివడుతుంటాయి, వంపులు హబ్ రంధ్రాల్లో సరిగ్గా కూర్చుంటుంటాయి. చక్రం మళ్ళీ కాస్త బెండు పోతుంది. మళ్ళీ తీయాలి, మళ్ళీ పిండాలి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా. ఓపిక కావాల్సిన పని, కానీ చేతులారా చేసుకోదగ్గ పని. ఈ చక్రంలో ఇప్పటిదాకా ఒక్క పుల్ల తెగలేదు. అయినా మూడు రకాల పొడవుల్లోనూ స్పేర్ పుల్లలు ఫ్రేమ్‌కి టేపుతో చుట్టి ఉంచుతాను.

హబ్ క్యాసెట్ రకమే తీసుకోండి. పళ్ళచక్రాల గుత్తిని మర తిప్పి ఎక్కించే ఫ్రీవీల్ హబ్‌లో కుడి బేరింగు చాలా లోపలికి ఉండి, లోడు పడితే ఇరుసు వంగుతుంది. టైరు సైజు చూసేటప్పుడు పక్కన రాసిన 50-559 లాంటి అంకెనే (టైరు వెడల్పు, రిమ్ వ్యాసం, మిల్లీమీటర్లలో) నమ్మాలి. 26 అంగుళాలు అన్న పేరుతోనే 559, 584, 590 సైజులు ఉన్నాయి, ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. చిన్న రిమ్, పొట్టి పుల్లలు బలంగా ఉంటాయని నేను 559 ఎంచుకున్నాను. కొత్త మౌంటెన్ సైకిళ్ళు ఆ సైజు వదిలేశాక మంచి టైర్ల రకాలు తగ్గిపోతున్నాయి. ఇవాళ ప్లాన్ చేసుకునేవాళ్ళకు 622 మేలు.

క్యారియర్లు రెండూ స్టీలు గొట్టాలవే, వెనకది ట్యూబస్ కార్గో. 40 కిలోలు మోస్తుందని కంపెనీ చెప్తుంది, దాని వల్ల నాకు ఏ ఇబ్బందీ రాలేదు. తెగింది దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ఎం5 (5 మిల్లీమీటర్ల) బోల్టు. బరువంతా కింది రెండు బోల్టుల మీదే పడుతుంది, అదురుకి కాస్త వదులైనా అవి అటూ ఇటూ ఒరిగి తెగిపోతాయి. బోల్టు లోపలి వైపు రెండు మరల మేర బయటికి ఉండేలా ముందే కొలిచి పెట్టాను కాబట్టి, మిగిలిన ముక్కని పట్టకారుతో అటునుంచి తిప్పి తీయగలిగాను. కుడివైపు మాత్రం ఆ కొస చైన్‌కి తగలకుండా చూసుకోవాలి. అప్పట్నుంచి నైలాన్ నట్టు కూడా బిగిస్తున్నాను, మళ్ళీ వదులవలేదు.

ఫ్రేమ్ 4130 క్రోమోలీ స్టీలు. నేను పట్టుబట్టిన కొలత చైన్‌స్టే (పెడళ్ళ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా వెళ్ళే గొట్టం) 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, లేకపోతే తొక్కేటప్పుడు మడమలు వెనక సంచులకు తగులుతాయి. సంచులన్నీ వెనకే వేస్తే పల్లంలో హ్యాండిల్ వణుకుతుంది. బరువైనవి కొన్ని ముందు చక్రం పట్టుకునే ఫోర్క్ పక్కన కిందికి వేలాడేలా పెట్టాక ఆ వణుకు పోయింది. ఎప్పుడైనా మొదలైతే మోకాలు ఫ్రేమ్ పై గొట్టానికి ఆనించి నెమ్మదిగా బ్రేక్ వేస్తే ఆగుతుంది.

తోలు సీటు, బ్రూక్స్ బి17. నడుముకి, తొడలకి బాగా అలవాటైంది, వానకు మాత్రం కప్పి ఉంచాలి. చక్రం తిరిగితే కరెంటు పుట్టించే డైనమో హబ్ 6 వోల్టులు, 3 వాట్లు. లైట్లకి భేషుగ్గా ఉంది. ఫోన్ ఛార్జింగ్‌కి గంటకు 15 కిలోమీటర్లయినా వేగం కావాలి, కాబట్టి కొండ ప్రాంతాల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

వి-బ్రేకులు ఆపడంలో గట్టివే, దిద్దుకోవడం సులువు. అయితే తడి రోడ్ల మీద ఇసుక రబ్బరులో ఇరుక్కుని రిమ్‌ని గీరేస్తుంది. పిన్నుతో ఆ రేణువులు ఏరేస్తూ వచ్చినా, వెనక రిమ్ మీద అరుగుదల చూపించే గాడి దాదాపు చెరిగిపోయింది. కొత్తగా బిగించుకునేవాళ్ళకు కేబుల్ డిస్క్ బ్రేకులే చెప్తాను, కాలిపర్ (డిస్క్‌ని నొక్కే భాగం) క్యారియర్‌కి అడ్డం రాకుండా వెనక గొట్టాల మధ్యలో కూర్చునే ఫ్రేమ్ దొరికితే. నా ఫ్రేమ్‌కి ఆ ఏర్పాటు లేదు. అందుకే అదే లోపలి కొలత ఉన్న రిమ్ తెప్పించాను. పాత రిమ్ పక్కన దాన్ని టేపుతో కట్టి, పుల్లల్ని ఒక్కొక్కటిగా అందులోకి మార్చేస్తే హబ్ దగ్గరి అల్లిక కదిలించక్కర్లేదు. ఆ తర్వాత మళ్ళీ పిండుడు, బెండు తీయడం.