అద్దెల కోసం ఆస్తి: బెంగళూరులో ఫ్లాటు మేలా, ముప్పై-నలభై సైటు మేలా?

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో ఇద్దరు సంపాదిస్తూ, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు కూడా కొంత సర్దుతామన్నారంటే ఇక ఆదివారం భోజనాల దగ్గర ఒకటే చర్చ. ఒకరు ఫ్లాటు కొని అద్దెకు ఇద్దామంటారు. ఇంకొకరు "ఫ్లాటులో నేల మనదెక్కడిది? ఖాళీ సైటు కొని నాలుగు అద్దె వాటాలు వేద్దాం" అంటారు. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే సైటు పక్షమే నెగ్గుతుంది. నా మాట మాత్రం ఇది: కట్టబోయే ఇంట్లో మీరే కాపురం ఉండేటట్టయితే సైటు, లేకపోతే ఫ్లాటు.

ముందు ఆ లెక్క సంగతి. ఈ అంకెలు నమూనా కోసం అనుకున్నవే, మీ వీధిని బట్టి మార్చుకోండి. కె.ఆర్.పురం వైపు రెండు పడక గదుల పాత ఫ్లాటు 80 లక్షలు, అద్దె 26 వేలు అనుకుందాం. స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సులు, 2025 ఆగస్టు చివరి నుంచి రెట్టింపై 2 శాతానికి చేరిన రిజిస్ట్రేషన్ రుసుము అన్నీ కలిస్తే ఏడున్నర శాతం దాటుతుంది. అంటే ఇంకో ఆరు లక్షలు. ఏడాదికి వచ్చే అద్దె 3.12 లక్షలు. అందులో ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను, కుళాయిలు, సున్నాల ఖర్చు తీసేస్తే చేతికి మిగిలేది పెట్టిన సొమ్ములో మూడు శాతం పైచిలుకు. 60 లక్షల అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 52 వేలు. "అద్దెతోనే వాయిదా తీరిపోతుంది సార్" అనే బ్రోకరుకు ఈ కాగితం చూపించండి. అద్దె సగానికే వస్తుంది, మిగతా సగం జీతంలోంచి ప్రతి నెలా కట్టాల్సిందే.

ఇక సైటు. ముప్పై అడుగులు, నలభై అడుగులు, అంటే 1,200 చదరపు అడుగుల స్థలం ఊరి అంచున 60 లక్షలు. కట్టుబడి మరో 60. రిజిస్ట్రేషన్ కలిపితే కోటీ పాతిక లక్షలు. మూడు అంతస్తుల్లో ఆరు చిన్న వాటాలు, ఒక్కోటి 12 వేలు అనుకుంటే నెలకు 72 వేలు, ఏడాదికి 8.64 లక్షలు. ఖర్చులు తీయకముందు దాదాపు ఏడు శాతం. పైగా ఒక వాటా ఖాళీ అయినా మిగతా అయిదింటి అద్దె ఆగదు. ఫ్లాటులో ఉన్నది ఒక్కడే కిరాయిదారు, అతను వెళ్లిపోతే రాబడి సున్నా, సంఘానికి కట్టే మెయింటెనెన్సు మాత్రం మన నెత్తిన.

ఇంత తేడా ఉన్నప్పుడు ఫ్లాటు ఎందుకు? ఆ ఆరు వాటాలను ఎవరు నడుపుతారన్నదే అసలు ప్రశ్న కాబట్టి.

మా అక్కావాళ్లు రామమూర్తినగర్‌లో పై అంతస్తులో ఉంటూ కింద నాలుగు వాటాలు అద్దెకు ఇచ్చారు. మెట్ల కింద వరుసగా మీటర్లు, వాటి పక్కనే మోటారు స్విచ్చు. కావేరి నీళ్లు వచ్చే వేళకు సంపు మూత తీసి చూడటం, ట్యాంకు నిండాక మోటారు ఆపడం అక్క పని. పొరపాటున మరిచిపోతే కింది వాటా వాళ్లు ఇంటి గోడ మీదుగా నీళ్లు కారుతున్నాయని కేకేస్తారు. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్ల ధరలకు ప్రభుత్వమే కళ్లెం వేయాల్సి వచ్చిన రోజుల్లో, వంతులవారీగా నీళ్లు వదలడం గురించి నాలుగు కుటుంబాలకూ నచ్చజెప్పింది బావగారే. ఎదురుగా ఉన్నారు కాబట్టి సాగింది. ఇదే ఇల్లు హోసకోటలో ఉండి, వాళ్లు బెళ్లందూరులో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటే? ఏదో ఒక వాచ్‌మన్‌ను పెట్టాలి, అతనికి ఒక గది ఇవ్వాలి, ఆ ఏడు శాతంలోంచి అది కూడా పోతుంది.

మీటర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2023లో కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి మొదలయ్యాక కిరాయిదారులు ఇల్లు చూడటానికి రాగానే తమకు విడిగా మీటరు ఉందా అని అడుగుతున్నారు. అర్హత మేరకు 200 యూనిట్ల లోపు బిల్లు ఉండదు కదా. రెండు వాటాలకు ఒకే మీటరు పెట్టి డబ్బు మిగుల్చుకున్నామనుకుంటే, ఆ మిగులు అద్దె బేరంలో పోతుంది.

సైటులో ఇంతకంటే పెద్ద చిక్కు కాగితాలది. ఒక కుటుంబానికని ప్లాను తీసుకుని ఆరు వాటాలు కట్టడం ఈ ఊళ్లో అందరూ చేసే పనే. అందరూ చేస్తున్నారన్నది ఇప్పుడు రక్షణ కాదు. స్వాధీన ధ్రువపత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేని కట్టడాలకు కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాక, ఇక్కడ కట్టడం పూర్తయిన ఇళ్లు కూడా మీటర్ల కోసం ఎదురుచూశాయి. ఆ తర్వాత చిన్న స్థలాలకు రాష్ట్రం కొన్ని సడలింపులు ఇచ్చింది, కానీ అవి మీ ఇంటికి వర్తిస్తాయో లేదో ముందే చూసుకోండి. ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరిదో చూపే పురపాలక ఆన్‌లైన్ రికార్డు, లేకుండా రిజిస్ట్రేషనే జరగదు. అనుమతులు సరిగా లేని బి ఖాతా సైటు చవగ్గా వస్తుంది, దానికి అప్పు ఇచ్చే బ్యాంకులు తక్కువ, రేపు అమ్మబోతే కొనేవాళ్లూ తక్కువ. ఆ చవక నాకు చవకగా కనిపించదు.

కట్టుబడి మధ్యలో డబ్బు చాలకపోతే చాలామంది చేసే పని, ఒకటి రెండు వాటాలను లీజుకు ఇచ్చేయడం. మన ఊళ్లలో పొలాన్ని భోగ్యానికి ఇచ్చినట్టే: పది పదిహేను లక్షలు ఒక్కసారిగా తీసుకుంటాం, నెలనెలా అద్దె ఉండదు, గడువు తీరాక మొత్తం తిరిగి ఇవ్వాలి. ఆ సొమ్ము స్లాబులోనో, టైల్సులోనో కలిసిపోయి ఉంటుంది. గడువు నాటికి ఇంకొకరిని లీజుకు తెచ్చి ఆ డబ్బుతో వీళ్లకు ఇవ్వడం మొదలైతే ఆ గొలుసు తెగదు. మొదటిసారి దిగేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. అడ్వాన్సు సంగతీ ఇంతే. ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం ఇక్కడి రివాజు, ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది. ఎంత తీసుకున్నా దాన్ని విడి ఖాతాలో పెట్టండి. ఖాళీ చేసే రోజున సున్నాలకని ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది అక్కడికక్కడే ఇచ్చే ఇంటివాళ్లకు మంచి పేరు వస్తుంది, ఆ పేరే కొత్త కిరాయిదారులను తెస్తుంది.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ, ఇంట్లో చూసుకునే పెద్దవాళ్లు లేని కుటుంబానికి ఫ్లాటు ఎందుకు నయమో ఈపాటికి తెలిసే ఉంటుంది. నీళ్లు, లిఫ్టు, వాచ్‌మన్ సంఘం చూసుకుంటుంది. అయితే కడుతూ ఉన్నది వద్దు. దాని మీద 5 శాతం జీఎస్టీ, పూర్తయ్యేదాకా అద్దె రాదు, మీ వాయిదాలు మాత్రం మొదలవుతాయి. స్వాధీన ధ్రువపత్రం చేతికి వచ్చిన ఇంటికి జీఎస్టీ లేదు. పదేళ్ల లోపు వయసున్న పాత ఫ్లాటు, మెట్రోకు నడిచే దూరంలో, మీరుండే చోటికి ఆటోలో వెళ్లిరాగలిగేంత దగ్గరలో చూడండి. 2025లో పసుపు మార్గం బొమ్మసంద్ర దాకా వచ్చింది కాబట్టి ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లకు ఎంచుకోవడానికి చోట్లు పెరిగాయి.

చేతిలో రెండు మూడు లక్షలే ఉండి, అప్పు భయం కూడా ఉంటే రీట్ యూనిట్లు, అంటే పెద్ద భవనాల అద్దెను మదుపుదారులకు పంచే సంస్థల్లో చిన్న చిన్న భాగాలు, కొనుక్కోవచ్చు. దేశంలో మొదటిది 2019లో మార్కెట్‌కు వచ్చింది, దాని భవనాల్లో పెద్ద భాగం బెంగళూరులోనే ఉన్నాయి. పంచదగిన రాబడిలో 90 శాతం పంచాలన్నది నియమం. ధర రోజూ ఊగుతుంది, కానీ అర్ధరాత్రి కుళాయి కారుతోందని ఫోను రాదు.

ఏది కొన్నా ఎవరి పేరున కొనాలన్నది ముందే తేల్చుకోవాలి. భర్త డబ్బుతో భార్య పేరున కొంటే అద్దె మీద పన్ను భర్త లెక్కలోకే వస్తుంది. ఇద్దరూ నిజంగా డబ్బు పెట్టి, ఎవరి వాటా ఎంతో దస్తావేజులో రాయించుకుంటే ఎవరి పన్ను వారిది. మరమ్మతుల పేరున 30 శాతం తగ్గింపు ఎలాగూ ఉంటుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లు మాత్రం అప్పు వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు, పాత విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా కుదురుతుంది. అమెరికాలో ఉన్న తమ్ముడు కూడా డబ్బు పెడతానంటే కాస్త ఆలోచించండి. అతని వాటా అద్దెలో కిరాయిదారు 31 శాతం పైగా పన్ను కోసుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఆ తలనొప్పి ఏ కిరాయిదారూ కోరుకోడు. దానికంటే తమ్ముడు ఆ సొమ్మును అమ్మానాన్నలకు కానుకగా ఇచ్చి, ఆస్తిని వాళ్ల పేరున కొనడం సులువు. అద్దె వాళ్ల రాబడే అవుతుంది. వాళ్ల తర్వాత ఎవరికి ఎంతన్నది వీలునామాలో ఆ రోజే రాయించి పెట్టండి.